రెండు చప్పట్లు

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోని ఆ అపార్ట్‌మెంటులో కరోనా వచ్చినప్పటి నుంచి చెత్తబండి దగ్గరికి ఎవరూ దిగిరావడం లేదు. సంచి గుమ్మం బయట పెట్టి, బాల్కనీలోకి వచ్చి రెండు చప్పట్లు కొడతారు. బండి తోసుకొచ్చే కెంపమ్మో, ఆమె మొగుడో మెట్లెక్కి తీసుకెళతారు. వాళ్ల పేర్లు ఎవరికీ అవసరం పడలేదు.

ఆ ఉదయం కెంపమ్మ బండి గేటు దాటగానే ముందు వైపు అన్ని బాల్కనీల్లోంచీ ఒక్కసారిగా చప్పట్లు మోగాయి. ముందు ఎవరింటికి పోవాలో ఆమెకు తోచలేదు.

"యా ఇంట్లో ఉండాదక్కా చెత్త?" అని మొదటి అంతస్తులో ఉన్న జెస్సీని అడిగింది.

జెస్సీ నవ్వింది. "చెత్త కోసం కాదమ్మా! ఇంత రిస్క్‌లో కూడా రోజూ వస్తున్నారు కదా, మీ ఇద్దరికీ థాంక్స్ చెబుతున్నాం. మీ ఆయన ఏరీ? ఆయన్నీ పిలవండి, వీడియో తీస్తున్నా."

కెంపమ్మ మాస్కు పైకి లాక్కుంది.

"ఆయప్ప సచ్చిపోయి వారం దాటిపాయ అక్కా. ఇదే జబ్బు. అప్పట్నుంచీ నేనొక్కదాన్నే కదా వస్తుండాను."

జెస్సీ ఫోను దించేసింది. కింది నుంచి పైకి ఒక్కో బాల్కనీలో చప్పట్లు ఆగిపోయాయి.

కాసేపటికి, ఇవేమీ వినపడని వెనక వైపు నుంచి ఎవరో రెండు చప్పట్లు కొట్టారు.

ఈసారి ఎందుకని అడగాల్సిన పని లేదు.

"వస్తుండానప్పా" అంటూ కెంపమ్మ మెట్లెక్కింది.