తిరిగే కుర్చీ

నా కూతురికి నా మాట మీద గురి లేదు. విమానం నడుపుతుంది కదా, మబ్బుల్లో ఒంటిని నమ్మకూడదట, మీటరు ముల్లునే నమ్మాలట.

నలభై ఏళ్ళు బస్సు తోలిన నా ఒళ్ళు అబద్ధం చెబితే, ఇన్నాళ్ళూ నేనెక్కనన్న దాని విమానం ఎక్కుతానన్నాను.

శిక్షణ గదిలో కళ్ళకు గంతలు కట్టి, కుర్చీలో కూర్చోబెట్టి తిప్పింది.

“ఎటు తిరుగుతున్నావు నాన్నా?”

“ఎడమకి.”

కాసేపాగి, “ఇప్పుడు?”

“ఆపేశావుగా.”

“మరి ఇప్పుడు?”

“కుడికి. నన్నా ఏమార్చేది?”

గంతలు విప్పింది. కుర్చీ కదలడం లేదు.

“ఆపేశావన్నప్పుడు ఎడమకే తిరుగుతున్నావు. కుడికన్నప్పుడు ఆపేశాను.”

గంతల గుడ్డ మడుస్తూ అడిగింది.

“బతికున్నన్నాళ్ళూ అమ్మ దారి తప్పామంటే ఒప్పుకున్నావా?”

ప్రతిసారీ మైలురాయి ఆవిడ పక్షమే. తప్పు రాయిదేననేవాణ్ణి.

“నీ విమానం ఎన్నింటికి?” అన్నాను.

ఆ కుర్చీ ఊసు ఈ జన్మలో మళ్ళీ ఎత్తను.