పింకీ తిన్నదా?

“ఫోన్ చేతుల పెట్టందే మా పాప తినదని ఎన్నిసార్లు చెప్పాలె మేడం?” విజయేందర్ మధ్యాహ్నం అన్నాల వేళకు వచ్చి గుమ్మంలోనే నిలదీశాడు. “సోమవారం సంది చూస్తున్న. సాయంత్రం ఇంటికొచ్చేసరికి పిల్ల ఆకలికి అల్లాడుతున్నది.”

అరుణాదేవి గరిటె చేత్తోనే గుమ్మం దగ్గరికి వచ్చింది. అమీర్‌పేటలో హాస్టళ్ల సందు చివర, తను కాపురముంటున్న ఇంట్లోనే పిల్లలను చూసుకుంటుంది ఆవిడ. అమ్మానాన్నలు ఆఫీసులకు పోతూ దించి వెళ్తారు, వస్తూ తీసుకెళ్తారు. వంట ఆవిడదే. చిప్సు, బిస్కెట్లు ఆ గడప దాటి లోపలికి రావు. అన్నం దగ్గరికి ఫోను అసలే రాదు.

“పాప ఇంకా అలవాటు పడలేదు విజయేందర్ గారూ. నాలుగు రోజులు ఓపిక పట్టండి.”

“ఓపిక అయిపోయింది. ఇయ్యాల నేనే ఈడ కూసుంట. మీరు చెప్పినట్టే ఫోన్ ఇయ్యొద్దు. తిన్నదా, సరే. తినలేదనుకోండి, పాపను తీస్కపోత. మా అపార్ట్‌మెంట్ గ్రూపుల సుత పెడ్త.”

అరుణాదేవి లోలోపలే లెక్క వేసుకుంది. ఉన్న పిల్లల్లో ముప్పాతిక మంది పంజాగుట్టలోని ఆ అపార్ట్‌మెంట్ వాళ్లే. గ్రూపులో ఆ ఒక్క మాట పడితే వారం తిరిగేసరికి ఇల్లు ఖాళీ. ఫోను ఇచ్చేస్తే ఏ గొడవా లేదు. కానీ ఆవిడకు మనసొప్పలేదు.

“కూర్చోండి,” అంది.

పిల్లలు గోడవారగా వరసలో కూర్చున్నారు. పాలకూర పప్పు, నెయ్యి వేసి కలిపిన అన్నాన్ని గోలీకాయలంత ముద్దలు చేసి పళ్లేల్లో గుండ్రంగా పేర్చింది అరుణాదేవి. ఇక్కడ పిల్లలకు పెద్దవాళ్లు తినిపించరు. ఎవరి ముద్ద వాళ్లు తీసుకుని నోట్లో పెట్టుకోవలసిందే. కొంత బట్టల మీద పడుతుంది, కొంత కింద పడుతుంది, మిగిలింది లోపలికి పోతుంది. ఆవిడకు అది చాలు.

విజయేందర్ తన కూతురు పింకీ పక్కనే గోడకు జారబడ్డాడు. “ఆఫీస్ మీటింగుంది నాకు. మాట్లాడేదేం లేదు, ఇనుడే,” అంటూ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఫోనులో తల దూర్చేశాడు.

పింకీ పళ్లెం వంక ఒకసారి చూసి పెదవులు బిగించింది. పక్కవాళ్లందరూ తింటున్నా, తను మాత్రం తాళం వేసిన కొట్టులా కూర్చుంది.

పిల్లల పనికి సాయం చేసే మంజూష వంటింటి గుమ్మం దగ్గర గుసగుసలాడింది. “అమ్మా, సార్ ఇటు సూస్తలేడు. నా ఫోన్ల బొమ్మలు పెట్టి ఇయ్యనా? గడియల తింటది.”

నిజం చెప్పొద్దూ, అరుణాదేవికి ఒక్క క్షణం ఇమ్మనాలనే అనిపించింది.

“వద్దు. ఏం తింటుందో దానికే తెలియకుండా కడుపు నింపడం తిండి పెట్టడం కాదు. రా, పెరుగన్నం కలుపుదాం.”

అక్కడే నిలబడి చూడలేక వంటింట్లోకి వెళ్లిపోయింది. పెరుగు చిలికి అన్నంలో కలిపింది. ముందుగదిలో పిల్లలు ఎందుకో కిసుక్కున నవ్వుతున్నారు. వాళ్లకేం, నవ్వుతారు, అనుకుంది.

గిన్నె పట్టుకుని వచ్చేసరికి పింకీ పళ్లెం ఖాళీ. అరుణాదేవి పళ్లెం పక్కన చూసింది, చాప కింద చూసింది. ఎక్కడా మెతుకు లేదు. పింకీ బుగ్గ ఉబ్బి ఉంది.

“ఆంటీ, ఇంక కావాలె. గదే పప్పన్నం.”

ఆవిడకు ప్రాణం లేచొచ్చింది. వెంటనే మళ్లీ ముద్దలు చేసి పెట్టింది. అంతలో అవతలి చివర ఎవరో నీళ్లు ఒలకబోశారు. మంజూషతో కలిసి అవి తుడిచి లేచేసరికి ఆ పళ్లెమూ ఖాళీ అయిపోయింది. పింకీ చేయి కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి పరుగెత్తింది.

విజయేందర్ చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీశాడు. “చూసిన్రా మేడం, నేను చెప్తనే ఉన్న...” అంటూ పళ్లెం వంక చూసి ఆగిపోయాడు. “ఎవరు తినిపించిన్రు?”

“ఎవరూ తినిపించలేదండి. రెండోసారి కూడా పెట్టించుకుంది.”

“ఫోన్ ఇచ్చిన్రా?”

“ఇప్పటిదాకా ఈ గదిలో నడిచిన ఫోను మీ చేతిలోదొక్కటే.”

నమ్మలేక కూతురిని కేకేశాడు. “పింకీ, నీ చేత్తోటే తిన్నవా బిడ్డా?”

“అవ్, నా చేత్తోటే,” కుళాయి దగ్గర్నుంచే తడి చేయి ఎత్తి చూపించింది పింకీ.

మనిషి మొండివాడే గానీ చెడ్డవాడు కాదు. అక్కడికక్కడే గ్రూపులో రాసి, పైకి చదివి వినిపించాడు. “మా పాప ఫోన్ లేకుండ రెండుసార్లు పెట్టించుకొని తిన్నది. పిల్లల్ని ఏ ఫికర్ లేకుండ ఈడికే పంపుండ్రి.”

అరుణాదేవికి ఏనుగెక్కినంత సంబరమైంది. “వేళయింది కదండీ, మీరూ రెండు ముద్దలు తిని వెళ్లండి.”

“వద్దు మేడం. పొద్దటి సంది చాయ్ మీదనే ఉన్న, అయినా ఎందుకో ఆకలైతలేదు. గా పాలకూరైతే నేను ముట్టనే ముట్ట.”

పింకీ వచ్చి తండ్రి ప్యాంటు పట్టుకుని లాగింది. “డాడీ, రా. నీ మూతి కడుగుత.”

“నా మూతెందుకు బిడ్డా?”

“పప్పంటింది. ఇయ్యాల నేను మమ్మీని కదా. ఇంట్ల మమ్మీ మనిద్దరికి తినిపిస్తది చూడు, గట్లనే నాకొక ముద్ద, నీకొక ముద్ద పెట్టిన. నువ్వు ఫోన్ చూసుకుంట అన్ని తినేసినవ్.”