నౌయక్ కుర్చీ

"నాన్నా, కుర్చీలోంచి కదలకు. వేటపెద్ద ఇంట్లోవాళ్ళు కదిలితే తిమింగలం బెదురుతుంది."

"ఎవరికి చెబుతున్నావే ఆచారాలు?"

"నీకే. ఒక్క క్షణం కుదురుగా ఉన్న మొహమా నీది?" అని నవ్వి, నా కూతురు సికు వేటకని పడవను గడ్డకట్టిన సముద్రపు మంచు మీదికి లాక్కుపోయింది.

నలభై ఏళ్ళు నేనే వేటపెద్దను. అప్పట్లో ఈ కుర్చీలో కూర్చున్నది నా భార్య నౌయక్. తిమింగలం తప్పిపోయిన ప్రతిసారీ ఇంటికొచ్చి తిట్టేవాణ్ణి: "కదిలావు కదే, కుదురులేనిదానా!"

"లేదయ్యా," అనేది. ఆమె బతికున్నన్నాళ్ళూ నమ్మలేదు.

ఇప్పుడు నా మోకాళ్ళు పోయి కుర్చీ నాకొచ్చింది. తూర్పుగాలి లేచింది. ఈ గాలికి మంచు విరిగిందంటే పిల్ల సముద్రంలోకి కొట్టుకుపోతుంది. కిటికీ దగ్గరికి వెళ్ళాను. తలుపు దగ్గరికి వెళ్ళాను. కోటు తొడిగాను, విప్పాను, మళ్ళీ తొడిగాను.

రేడియో అరిచింది. "చిక్కింది నాన్నా! కుక్కపిల్లలా వచ్చి పడవ పక్కనే ఆగింది. ఎంత కుదురుగా కూర్చున్నావు నాన్నా!"

నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను.

వెళ్ళి కుర్చీలో కూలబడ్డాను. దాని చేతుల మీద నౌయక్ గోళ్ళు దిగిన గాట్లు వేళ్ళకు తగిలాయి.