మంచి మాటలే రాసే గాజు

కూతురు హన్విక సీమంతం నాడే స్రవంతి ఆ పిల్ల చేతికున్న డైరీ గాజుతో చెప్పేసింది. "వినేది కడుపుతో ఉన్న పిల్ల. చెడ్డ మాటేదీ రాయకు, మంచివే రాయి."

కడుపుతో ఉన్నవాళ్లెవరూ ఇప్పుడు సొంతంగా డైరీ రాసుకోవడం లేదు. చేతికున్న గాజే అన్నీ కనిపెట్టి, వాళ్ల మాటగా రాసి, వాళ్ల గొంతుతోనే చదివి వినిపిస్తుంది.

మంగళవారం హన్వికకు అనుమానమొచ్చింది. "బిడ్డ కదలట్లేదేమోనమ్మా."

"హాయిగా నిద్రపోతోందని గాజు రాసిందిగా. నువ్వూ కాస్త పడుకో."

బుధవారమూ గాజు అదే రాసింది, గురువారమూ అదే. శుక్రవారం ఆసుపత్రికి వెళ్లేసరికి ఆలస్యమైపోయింది.

ఒట్టి చేతులతో ఇంటికొచ్చిన రోజు హన్విక ఆ మూడు పేజీలూ మళ్లీ చదివించుకుంది.

"దీనికి తెలుసమ్మా," అంది.

"నేనే కదే రాయొద్దన్నాను," అంది స్రవంతి.

హన్విక తల్లి ఒళ్లో తల పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. పొయ్యి మీద పాలు పొంగి పోతున్నా ఇద్దరూ లేవలేదు.

మర్నాడు పొద్దున్నే గాజు హన్విక గొంతుతో చదివింది: "నిన్న మా ఇంట్లో పాలు పొంగాయి. అమ్మ ఒళ్లో హాయిగా పడుకున్నాను."