వాలు అక్షరాలు

“నా పేరొక్కటే పక్కకి వాలిందేంటండీ?” ప్రింటింగ్ షాపులో తన పెళ్లికార్డు ప్రూఫు చూస్తూ అడిగింది శ్రీదివ్య.

“దాన్ని ఇటాలిక్ అంటారమ్మా. ఇంగ్లీషు కార్డుల్లో మేమెప్పుడూ ఇంతే. పెళ్లికొడుకుది నిటారుగా, పెళ్లికూతురిది వాలుగా. ఆడపిల్ల పేరుకి ఆ వంపే అందం,” అన్నాడు కంప్యూటరు ముందు కూర్చున్న గౌస్ బాషా.

“అంత అందమైతే ఆయన పేరుకీ పెట్టండి.”

పక్కనున్న తండ్రి యలమందయ్య గొంతు తగ్గించాడు. “ఊరుకోమ్మా. మగపెళ్లివాళ్లు చూస్తే ఏమనుకుంటారు?”

“నా పేరు చూసి నువ్వేమన్నా అనుకున్నావా నాన్నా? వాళ్లూ అనుకోరు.”

గౌస్ బాషా మౌసు మీద చెయ్యి ఆపి పెద్దాయన వంక చూశాడు.

యలమందయ్య ప్రూఫు అందుకున్నాడు. ఆహ్వానించేవాళ్ల పేర్ల దగ్గర ఆయన చూపు ఆగిపోయింది. తన పేరు నిటారుగా ఉంది. పక్కనే భార్య వెంకటరావమ్మ పేరు వాలి ఉంది. పెద్దమ్మాయి కార్డు కూడా ఈ షాపులోనే వేయించాడు. అప్పుడు చూడనే లేదు.

“బాషా గారూ, ముందు నా పేరు వాల్చండి,” అన్నాడు. “ఆ తర్వాత అల్లుడిది. ఎవరడుగుతారో నేనూ చూస్తా.”