చింతమొద్దుకు దిగువన

"ఆయప్పకు చెప్పు, కాలు నా దిక్కు చాపొద్దని," అన్నాడు ఓబుళేశు.

"ఆయప్పకు చెప్పు, పడవ వాళ్ల నాయన కొనిచ్చింది కాదని," అన్నాడు సుంకప్ప.

పడవ చూస్తే బారెడు. ఆ కొసన ఓబుళేశు, ఈ కొసన సుంకప్ప. నడుమ పడవ యజమాని జయపాల్. అతను ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఇద్దరికీ చెవులు నిక్షేపంగా ఉన్నాయి. ఒకరితో ఒకరికి మాటలు మాత్రం ఎన్నో ఏళ్ల కిందటే ఆగిపోయాయి.

గండికోట జలాశయంలో జయపాల్‌ది గాలం పడవ. సరదాకు చేపలు పట్టే బెంగళూరు వాళ్లను తిప్పుతుంటాడు. వాళ్ల కోసమే పడవకు సోనారు బిగించాడు. నీళ్లలోకి దించిన కడ్డీ చివర కన్నులాంటిది ఒకటి ఉంటుంది. ముందు ఏ చేప కదిలినా, అడుగున ఏ రాయి ఉన్నా అప్పటికప్పుడు తెర మీద కనిపిస్తుంది. ఆ సంగతి ఎవరు చెప్పారో ఏమో, పొద్దున్నే ఇద్దరూ వచ్చి నెత్తిన పడ్డారు.

ఇద్దరిదీ ఒడ్డున ఉన్న కాలనీయే. ఇద్దరూ ఈ నీళ్లలో వలలు వేసుకుని బతికేవాళ్లే. తగాదా ఒక రాయి గురించి. నీళ్ల అడుగున ఒక చింతమొద్దు ఉందట, దాని దగ్గర ఒక రాయి ఉందట. రాయి మొద్దుకు సూటిగా ఉంటే సుంకప్ప గెలిచినట్టు. దిగువకు ఉంటే ఓబుళేశు గెలిచినట్టు. ఓడినవాడు కాలనీ జనం అందరి ముందూ గెలిచినవాడి కాళ్లు పట్టుకోవాలి. జనం అప్పుడే ఒడ్డున గుంపు కట్టారు కూడా.

వల ఎవరు ఎక్కడిదాకా వేసుకోవాలన్న పేచీ అయివుంటుందిలే అనుకున్నాడు జయపాల్. ఈ నీళ్లలో అలాంటివి రోజూ ఉండేవే.

"ఈ రాయి తగాదాలోనే మా తమ్ముని చెయ్యి ఇరిగింది," అన్నాడు ఓబుళేశు. "ఇప్పటికీ ఎడం చేత్తో సంగటి తింటాండాడు. ఆయప్పకు చెప్పు."

"ముందు కట్టె ఎత్తుకోని వచ్చింది ఎవురో అడుగు ఆయప్పను."

చింతమొద్దు ఉన్న చోటికి వచ్చేసరికి తెర నిండా చేపలు. గుంపులు గుంపులుగా బొచ్చెలు. జయపాల్ తన పని మరిచిపోయి మురిసిపోయాడు.

"చూడండప్పా, ఎన్ని ఉండాయో! ఈడ వల వేస్తే పడవ మోయలేదు!"

"నీ చేపల మీద మన్ను పడ! తీసెయ్ వాటిని!" ఇద్దరూ ఒక్కసారే అరిచారు. ఆ రోజు మొత్తంలో వాళ్లకు కుదిరిన మాట అదొక్కటే.

వీళ్లేం చేపలోళ్లురా దేవుడా అనుకుంటూ జయపాల్ గెయిన్, అంటే సోనారు చూపు పదును, తగ్గించాడు. చేపలు మసకబారాయి. వాటితో పాటు మొద్దూ మాయమైంది.

"ఆయప్ప కాడ ఏం తిన్న్యావు నువ్వు?" ఓబుళేశు లేచి నిలబడ్డాడు. "రాయి కనపడకుండా చేస్తాండావే! పెంచు!"

పెంచాడు. తెరంతా తెల్లచుక్కలు కమ్ముకున్నాయి.

"ఇంకేం, ఆయప్పకు యాడ కావాలంటే ఆడ రాయి కనపడతాది," సుంకప్ప మండిపడ్డాడు. "తగ్గించు! లేకపోతే ఈ వైరు తెంపేస్తా!" అంటూ సోనారు తీగ మీద కాలు వేశాడు. ఓబుళేశు తెడ్డు పైకెత్తాడు. పడవ ఒక పక్కకు ఒరిగి నీళ్లు లోపలికి వచ్చాయి.

జయపాల్‌కు ఒళ్లు మండిపోయింది.

"కూచోండి ఇద్దరూ! మీ పౌరుషం తగలెయ్య, నా పడవ ముంచుతారా? ఇంకొక మాట వినపడిందంటే ఈడ్నే దించేస్తా, ఈదుకుంటా పోండి!"

ఇద్దరూ కూలబడ్డారు. జయపాల్ పడవను గాలికి ఎదురు నిలిపాడు. గెయిన్ నడిమధ్యకు తెచ్చాడు. సోనారు చూసే దూరం తగ్గించాడు. పిచ్చిచుక్కలు పోయేలా సర్దాడు. కడ్డీని మెల్లగా తిప్పాడు.

తెర తేటపడింది. అరవై అడుగుల లోతున నేల కనిపించింది. వేళ్లు పరుచుకున్న చింతమొద్దు కనిపించింది. పక్కనే పొడుగ్గా పోతున్న చిన్న మిట్ట. కడ్డీ ఇంకొంచెం తిప్పితే, మొద్దుకు సూటిగా కాదు, బాగా దిగువకు, రాయి.

అది పడి లేదు. నిలువుగా, ఎవరో పాతినట్టు నిలబడి ఉంది. దొర్లుకుంటూ వచ్చిన రాయి ఇలా నిలబడదే అని జయపాల్‌కు మొదటిసారి అనుమానం వచ్చింది.

సుంకప్ప తెర దగ్గరికి జరిగి చూశాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఆయప్పకు చెప్పు..." అన్నాడు. ఒడ్డున ఉన్న జనం వైపు చూసి తల దించుకున్నాడు.

ఓబుళేశు తెడ్డు కింద పడేశాడు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. జయపాల్‌ను పక్కకు నెట్టి, ఇన్నేళ్లలో మొదటిసారి సుంకప్ప ముఖంలో ముఖం పెట్టి అన్నాడు:

"సర్వేయరు వచ్చేలోపల ఊరు మునిగి బతికిపోయినావు గానీ సుంకా, రాత్రికి రాత్రి హద్దురాయి పెరికి నా చేన్లో మూడు సాళ్లు కలుపుకున్న్యావు, ఇప్పుడన్నా ఒప్పుకో!"