ముప్పై ఏళ్ల తెలుపు

"మామయ్యగారూ, ఈ కాగితం మహా మాయలాడిలా ఉందే!" అల్లుడు కౌంటరు మీద లైటు పట్టి నవ్వాడు.

దొంగనోట్లు కనిపెట్టే చిన్న ఊదారంగు లైటు అది. దాని కింద ఒక ఫోటో కాగితం నీలంగా భగ్గుమంది. పక్కనున్న రెండోది ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉంది.

"మెరిసేదాంట్లో తెలుపు మందు కలుపుతారు అల్లుడూ," అన్నాడు స్టూడియో యజమాని. "కొన్నరోజు మల్లెపువ్వే. ఏళ్లు గడిచేకొద్దీ మందు చచ్చి, కాగితం పసుపెక్కుతుంది. మెరవనిది చూపుకి కాస్త వెలవెలబోతుంది గానీ మాట తప్పదు. సరుక్కి మొదటిరోజు తెలుపు కాదు, ముప్పయ్యో ఏటి తెలుపు చూడాలి."

"అయితే గోడ మీది మీ పెళ్లిఫోటో మెరవకూడదు కదా? మందులేని కాగితమని ఊరంతా చెప్పుకుంటారు. పరీక్ష పెడదాం!"

వెనక బల్ల దగ్గర ఫోటోల అంచులు కోస్తున్న ఆయన భార్య చెయ్యి ఆగిపోయింది.

పెళ్లైన ఎనిమిదో ఏట ఆ ఫోటో పసుపెక్కడం ముందు చూసింది ఆమే. అమ్మినవాడు మందులేని కాగితమని నమ్మించి ఆయనకు అంటగట్టాడు. సరుకు ముట్టుకుని గుణం చెప్పగలనన్నదే ఆయనకున్న గొప్ప. అది పోతే మనిషి సగమైపోతాడు. అందుకే ఆయన సరుక్కి పొరుగూరు వెళ్లినప్పుడు నెగెటివ్ తీసి, అదే కొలతకు కొత్త ప్రింటు వేసి ఫ్రేములో పెట్టేసింది. మంచి కాగితం వాడదామంటే, ఆయనకు షీట్ల లెక్క నోటికి వచ్చు. ఒకటి తగ్గినా పట్టేస్తాడు. మందు కలిపిన మామూలు కాగితమే గతి. దాంతో ఐదారేళ్లకోసారి మళ్లీ అదే పని. నెగెటివ్‌ల పెట్టె ఉండేది ఆమెకు అందని పైఅరలో. అయినా అవసరపడిన ప్రతిసారీ ఎందుకో కిందే దొరికేది. తన అదృష్టం అనుకునేది.

"ఇప్పుడవన్నీ ఎందుకు బాబూ, టీ చల్లారిపోతోంది."

"ఒక్క నిమిషం అత్తయ్యా. మామయ్యగారి పరువు సంగతి!" అల్లుడు స్టూలెక్కి ఫ్రేము దించాడు.

ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన దగ్గర ఆమె దాచింది ఇదొక్కటే.

"లైటు ఇలా ఇవ్వు," అన్నాడు యజమాని. "దీని అద్దం నిండా నీ వేలిముద్రలే. మసక లైటుతో తీర్పు చెప్తావా?" కిటికీ వైపు తిరిగి, చొక్కా అంచుతో శ్రద్ధగా తుడిచి ఇచ్చాడు.

అల్లుడు మీట నొక్కాడు. వెలగలేదు. మళ్లీ నొక్కాడు. అరచేతికేసి కొట్టాడు.

"ఇప్పటిదాకా వెలిగిందిగా!"

"చవక సరుకు. చెప్పాపెట్టకుండా పోతుంది. ఇలా తే, పగలగొట్టేలా ఉన్నావు." లాక్కుని సొరుగులో పడేశాడు.

"తప్పించుకున్నారు మామయ్యగారూ!"

"నేనా? ఆ ఫోటో పసుపెక్కే ప్రసక్తే లేదు. ఏమే, నువ్వేమంటావ్?"

"నిజమేనండీ," అంది ఆమె, మళ్లీ ఫోటో అంచులు కోయబోతూ.

ఆయనే స్వయంగా ఫ్రేమును మేకుకి తగిలించి, వంకర లేకుండా రెండుచేతులా సర్దాడు.

మర్నాడు పొద్దున బట్టలు నానబెట్టబోతూ ఆమె అలవాటుగా జేబులు తడిమింది.

ఆయన చొక్కా జేబులో ఆ లైటు బ్యాటరీ ఉంది.